ఆచరణమే గీటురాయి: జాన్ డ్యూయీ జీవితము, తత్త్వము

గోదావరిఖని బొగ్గుబావులలో పనిచేయువారు మొదటినుండియు పాటించుచున్న ఒక పద్ధతి గలదు. షిఫ్టువారు పని మొదలిడుటకు ముందే మైనింగు సర్దారు ఆ చోటికి పోయి, నెత్తిమీది రాతికప్పును తట్టి చూచును. ఒక చేతిని కప్పున కానించి, రెండవ చేత కర్ర పట్టి తట్టును. రాయి ఖంగున మ్రోగినచో కప్పు గట్టిగా నున్నదని తాత్పర్యము. డొల్లగా పలికినచో, చేతి క్రింద సన్నని అదురు తోచినచో, పైని పొర విడివడినదని తాత్పర్యము. అప్పుడు వదులు రాతిని రాల్చివేయుదురు. లేదా దిమ్మలు నిలిపి ఊతమిత్తురు. ఆ పని ముగియువరకు అచట నెవ్వరిని నిలువనీయరు.

ఇపుడు మేమొక చిన్న ప్రశ్న వేసెదము. సర్దారు ‘కప్పు గట్టిగా నున్నది’ అని చెప్పినప్పుడు ఆ మాటకు అర్థమేమి? నిఘంటువు తెరచి ‘గట్టి’ యను పదము క్రింద వ్రాసినదానిని చదువుట వలన ఆ అర్థము తేలదు. తట్టిన నిట్లు మ్రోగును, దాని క్రింద ఎనిమిది గంటలు నిలిచి పని చేయవచ్చును, ఊతము లేకున్నను రాలదు: ఈ ఫలితముల మొత్తమే ఆ మాటకు అర్థము. వీనిలో నే యొక్కటియు నిజము కానిచో మాట అబద్ధమైనట్లే. అంతేకాదు. ఆ మాటను నమ్మితినని చెప్పుచు దాని క్రిందికి పోవుటకు జంకువాడు నిజముగా నమ్మినవాడు కాడు. నమ్మిక యనునది పెదవులమీది మాట కాదు. అడుగు ముందుకు వేయుటకు మనకున్న సంసిద్ధత.

ఈ రెండు సంగతులే, అనగా భావముయొక్క అర్థము దాని ఫలితములయందున్నదనియు, నమ్మకము ఆచరణకు సంసిద్ధత యనియు చెప్పుటయే, అమెరికాలో పుట్టిన ‘ప్రాగ్మాటిజమ్’ అను తత్త్వమునకు పునాదిరాళ్లు. మన ఉపాధ్యాయ శిక్షణ గ్రంథములలో దీనికి ‘వ్యావహారిక సత్తావాదము’ అని పేరు. ఆ పేరు మాకంతగా రుచింపదు. వ్యావహారిక సత్త యనగానే వేదాంతము నెరిగిన తెలుగువారికి, పరమార్థముకంటె తక్కువదియైన ఒక మెట్టు మనసునకు తోచును. ప్రాగ్మాటిస్టులకు అట్టి మెట్లు లేవు. కాబట్టి ఈ ప్రసంగమున మేము దీనిని ‘ఆచరణవాదము’ అనియే పిలిచెదము.

ఈ వాదమునకు మూలపురుషుడు చార్లెస్ పియర్స్. 1839లో పుట్టి 1914లో పేదరికమున గతించిన మహామేధావి. ‘మన భావములను స్పష్టము చేసికొనుట యెట్లు’ అను అర్థము వచ్చు శీర్షికతో 1878లో ఆయన ఒక వ్యాసమును ప్రకటించెను. అందులో ఆయన తీసికొనిన ఉదాహరణము వజ్రము. వజ్రము కఠినమైనదని యందుము. కఠినమనగా నేమి? అనేక వస్తువులతో గీసినను గీత పడనిది. ఆ గీతల పరీక్షను తీసివేసినచో కాఠిన్యమనుటకు వేరే అర్థము మిగులదని ఆయన అభిప్రాయము. బొగ్గును వజ్రమును ప్రధానముగా కార్బనమే గనుక, బొగ్గు ఊరివారికి ఈ ఉదాహరణము బంధువువంటిది. పియర్స్ మాటను లోకమున మ్రోగించినవాడు ఆయన మిత్రుడు విలియం జేమ్స్. ఆయన 1898లో కాలిఫోర్నియాలో నొసగిన ఉపన్యాసమున ఈ పేరును బహిరంగముగా వాడెను. 1907లో దానినే పేరుగా పెట్టి పుస్తకము వెలువరించెను. మిత్రుడు తన భావమును మితిమీరి సాగదీసెనని పియర్స్ నొచ్చుకొని, 1905లో తన సిద్ధాంతమునకు ‘ప్రాగ్మాటిసిజమ్’ అని పేరు మార్చి, ఈ పేరు ఇంత వికృతముగా నున్నది గనుక దీనినెవ్వరును ఎత్తుకొనిపోరని చమత్కరించెను. మూడవవాడు జాన్ డ్యూయీ. ఈ తత్త్వమును బడిలోనికిని, కర్మాగారములోనికిని, ఊరి సభలోనికిని దించినవాడాయనయే. మన ప్రసంగమునకు ఆయనయే నాయకుడు.

డ్యూయీ 1859 అక్టోబరు 20వ తేదీన వెర్మాంటు రాష్ట్రమునందలి బర్లింగ్టనులో జన్మించెను. తండ్రి దుకాణదారు. 1879లో వెర్మాంటు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, రెండేండ్లు పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీ అను ఊర ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. భూమిలోనుండి తీసిన నూనెచే ఒక్కసారిగా పెరిగిన ఊరది. బొగ్గుచే పెరిగిన ఖనివంటిదే. ఆ తరువాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చదివి 1884లో డాక్టరేటు పొందెను. అచట పియర్స్ తర్కశాస్త్రము బోధించుచుండగా డ్యూయీ ఆ తరగతికి పోయెను గాని, ఆనాడు ఆ పాఠము ఆయన కంతగా పట్టలేదు. హెగెల్ తత్త్వమే ఆయనను ఆకర్షించెను. పియర్స్ విలువ ఆయనకు తెలియుటకు చాల ఏండ్లు పట్టెను.

పదియేండ్లు ప్రధానముగా మిషిగన్ విశ్వవిద్యాలయమున పనిచేసిన పిదప, 1894లో డ్యూయీ చికాగో విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వచ్చెను. ఆయన వచ్చునప్పటికి ఆ నగరము పుల్‌మన్ సమ్మెతో ఉడికిపోవుచుండెను. రైలుపెట్టెలు చేయు పుల్‌మన్ సంస్థ తన కార్మికులకు ఊరొకటి కట్టించి, ఇండ్లు కంపెనీవి గనుక బాడుగలు తానే వసూలు చేయుచుండెను. వ్యాపారము మందగించగా కూలిని తగ్గించిరి గాని బాడుగను తగ్గింపలేదు. దానిపై సమ్మె రేగెను, రైళ్లు నిలిచెను, తుదకు ప్రభుత్వ సైన్యము వచ్చి దానిని అణచెను. కంపెనీ క్వార్టర్లలో కాపురముండు కుటుంబములకు ఈ కథలోని కష్టము విడమరచి చెప్పనక్కరలేదు. డ్యూయీ మనస్సును ఈ సమ్మె గాఢముగా కదల్చెను. ఆ నగరముననే జేన్ ఆడమ్స్ అను మహనీయురాలు పేదలైన వలసకుటుంబముల నడుమ ‘హల్ హౌస్’ అను సేవానిలయమును నడుపుచుండెను. డ్యూయీ అచటికి తరచు పోయి, ఆమెనుండి చాల నేర్చుకొనెను. ఒక కూతురికి జేన్ అని ఆమె పేరే పెట్టుకొనెను.

1896 జనవరిలో డ్యూయీ, ఆయన భార్య ఆలిస్, పదునారుగురు పిల్లలతో ఒక చిన్న బడిని తెరచిరి. దానికి ప్రయోగశాలా పాఠశాల యని పేరు వచ్చెను. రసాయనశాస్త్రజ్ఞునకు ప్రయోగశాల యెట్లో తత్త్వజ్ఞునకు బడి అట్లని ఆయన భావము. బడికి కావలసిన బల్లలకొరకు ఆయన చికాగో దుకాణములన్నియు తిరిగెనట. ఎచ్చటను తనకు నచ్చినవి దొరకలేదు. తుదకు ఒక వర్తకుడు ఆయన కోరికను గ్రహించి, అయ్యా, మీకు పిల్లలు పనిచేయుటకు బల్లలు కావలెను, మా వద్దనున్నవన్నియు వినుటకు చేసినవి, అని చెప్పెనట. నాటి విద్యావిధానముయొక్క లోపమంతయు ఆ బల్లల వర్తకుని మాటలో ఇమిడియున్నదని డ్యూయీ తన 1899 నాటి ‘స్కూలు అండ్ సొసైటీ’ గ్రంథమున వ్రాసెను. వరుసలు తీర్చిన బల్లలు, కదలక కూర్చుండి వినుట, విన్నదానిని అప్పగించుట. ఈ వర్ణన చదివినప్పుడు మా చిన్ననాటి బడియే మా కన్నులయెదుట నిలిచినది. శ్రోతలలో అనేకులకు కూడ అట్లే తోచును.

ఆ బడిలో నేమి జరుగుచుండెనో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. పెద్దపల్లి, కరీంనగరు ప్రాంతముల పత్తిచేల నెరిగినవారికి ఇది మరింత రుచించును. పిల్లలకు గొర్రె ఉన్నిని, చెట్టునుండి తీసిన పత్తిని ఇచ్చి, వీనితో బట్ట యెట్లు తయారగునో చూడుడనిరి. పిల్లలు పత్తికాయనుండి గింజలు వేరుచేయుటకు కూర్చుండిరి. అరగంట శ్రమించినను ఔన్సు దూదియైనను తేలలేదు. పత్తి పోగు పొట్టిది, నున్ననిది. ఉన్నిపోగు పొడవైనది, గరుకైనది, ఒకదానినొకటి పట్టుకొనును. ఇవి చేతితో తెలిసికొనిన పిమ్మట, పూర్వము తమ ప్రజలు ఉన్నిబట్ట కట్టి పత్తిని వెనుకకు నెట్టుట యేలనో పిల్లలకే అర్థమయ్యెను. గింజను దూదిని వేరుచేయు యంత్రము రాగానే పత్తి రాజ్యమేలుట యెట్లో, దానివెంట చరిత్ర ఎన్ని మలుపులు తిరిగెనో తెలిసికొనవలెనను ఆసక్తి వారికి తానై పుట్టెను. చరిత్రయు, భూగోళమును, యంత్రశాస్త్రమును ఒక దూదిపింజనుండియే బయలుదేరెను. పిల్లలను నేతగాండ్రను చేయుట అచట ఉద్దేశము కాదు. చేతిపనిని ద్వారముగా చేసికొని లోకమును గ్రహింపజేయుటయే ఉద్దేశము.

ఇచట మన దేశపు ముచ్చట ఒకటి చెప్పవలసియున్నది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముడు విద్యావేత్తల సభ చేసి, చేతిపని కేంద్రముగా గల ప్రాథమిక విద్యను ప్రతిపాదించెను. ఆ పథకమునకు రూపమిచ్చుటకు ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టరు జాకిర్ హుస్సేన్. ఆయన మన హైదరాబాదులో 1897లో జన్మించినవాడు. పిమ్మట 1967లో రాష్ట్రపతి యయ్యెను. వార్ధా పథకమునకును చికాగో బడికిని పోలికలు పైకే కనబడును. ఐనను భేదమును మరువరాదు. పిల్లలు వడికిన నూలు అమ్మి ఉపాధ్యాయుని జీతమునకు కొంతయైనను సమకూర్చవలెనని గాంధీజీ తలచెను. పేదదేశపు కష్టము తెలిసిన వాని ఆలోచన యది. డ్యూయీ బడిలో పిల్లలు చేసిన వస్తువునకు ధర లేదు. దానిని చేయుటలో పెరిగిన బుద్ధికే విలువ. అమ్మకపు లెక్క ముందుకు వచ్చినచో నేర్పు లెక్క వెనుకకు పోవునను భయము నిరాధారమైనది కాదని మా అభిప్రాయము.

చికాగో బడి ఎంతో కాలము డ్యూయీ చేతిలో నిలువలేదు. పాఠశాల నిర్వహణమును గూర్చి విశ్వవిద్యాలయాధ్యక్షునితో వచ్చిన భేదముచే ఆయన 1904లో చికాగో విడిచెను. ఆ యేడే ఐరోపాయాత్రలో గార్డన్ అను చిన్న కుమారుడు సన్నిపాత జ్వరముచే మరణించెను. అంతకు తొమ్మిదేండ్ల ముందు మారిస్ అను మరియొక కుమారుని ఇటలీలో కోల్పోయియుండిరి. బిడ్డలు నేర్చుకొను తీరును గూర్చి ఇంతగా ఆలోచించిన దంపతులు ఇద్దరు బిడ్డలను పరదేశమున పోగొట్టుకొనిరి. పిమ్మట వారు ఇటలీలోనే ఒక బాలుని దత్తు తీసికొనిరి.

1904నుండి డ్యూయీ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున నుండెను. ఆయన గ్రంథములలో పెక్కు అచటనే వెలువడెను. ఆయన శైలి మాత్రము సుగమము కాదు. పేరుపొందిన న్యాయమూర్తి హోమ్స్, ‘ఎక్స్‌పీరియన్స్ అండ్ నేచర్’ అను 1925 నాటి గ్రంథమును చదివి, దేవునికి మాటలు సరిగా రాకున్నను చెప్పవలెనను ఆరాటము మిక్కుటముగా నున్నచో ఇట్లే పలికియుండునని మిత్రునికి వ్రాసెను. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో చదువువారే తేల్చుకొనవలెను.

ఐనను 1910లో వ్రాసిన ‘హౌ వియ్ థింక్’ అను పుస్తకమున ఆయన చెప్పిన ఆలోచనాక్రమము మిగుల సులభమైనది. దానిని మన రేడియోపెట్టె మీదనే చూపవచ్చును. సాయంకాలము వార్తలకై మీట త్రిప్పితిమి, పెట్టె పలుకలేదు. అంతవరకు మనము ఆలోచించుటలేదు. అలవాటుచే చేయి కదిలినది. చిక్కు వచ్చినప్పుడే ఆలోచన పుట్టునని డ్యూయీ మొదటి మాట. పిమ్మట చిక్కు ఎచట నున్నదో గుర్తింపవలెను. దీపము వెలుగుచున్నది గనుక కరెంటు పోలేదు. గరగర వినవచ్చుచున్నది గనుక పెట్టె పూర్తిగా చెడలేదు. బహుశః స్టేషను తప్పినదేమో, ఏరియల్ ఊడినదేమో యని ఊహ పుట్టును. ఏరియల్ ఊడినచో దూరపు స్టేషన్లన్నియు వినబడకపోవలెను గదా యని ఊహయొక్క పర్యవసానమును మనసులో నడిపించి చూతుము. ఆ తరువాత వేరే స్టేషనునకు త్రిప్పి పరీక్షింతుము. అది స్పష్టముగా పలికినచో ఊహ తప్పు, మరియొక ఊహ. పెట్టెమీద గట్టిగా ఒక దెబ్బ కొట్టువారును లేకపోలేదు. అప్పుడప్పుడు దానికిని ఫలితము కనబడును. అయితే ఎందుకు పలికినదో తెలియదు గనుక రేపటికి నేర్చినది సున్న. శాస్త్రజ్ఞుడు నక్షత్రములను గూర్చి చేయు పనియు, గృహస్థుడు రేడియోను గూర్చి చేయు పనియు ఒకే జాతివని డ్యూయీ మతము.

ఇచట శ్రోతలు ఒక ఆక్షేపణ తెత్తురు. ఫలితమిచ్చునదే సత్యమైనచో, ఉపకరించు అబద్ధము కూడ సత్యమగునా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. విలియం జేమ్స్ ఉత్సాహమున వ్రాసిన కొన్ని వాక్యములు ఈ ఆక్షేపణకు చోటిచ్చినవి. ఇంగ్లండున బెర్ట్రాండ్ రస్సెల్ దీనిని పట్టుకొని తీవ్రముగా ఖండించెను. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1920లో ప్రకటించిన సమకాలిక తత్త్వశాస్త్రవిమర్శ గ్రంథమున జేమ్స్ వాదమును పరీక్షించి, మతాభిమానము తత్త్వవిచారమును పెడత్రోవ పట్టించిన తావులలో దానిని చేర్చెను. ఆయన 1931నుండి 1936వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడుగా నుండుట శ్రోతలకు తెలిసినదే.

కాని ఈ చిక్కును మన నైయాయికులు శతాబ్దముల క్రిందటనే గుర్తించి, చక్కగా విడదీసిరి. తెలుగువాడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమువాడు. ఆయన తర్కసంగ్రహము నేటికిని తర్కము నేర్చువారికి ఓనమాలు. దానికి ఆయనయే వ్రాసిన దీపికయను వ్యాఖ్యలో ప్రామాణ్యవిచారము వచ్చును. దూరమున నీరున్నట్లు తోచినది. ఆ తోచినది నిజమో ఎండమావియో ఎట్లు తెలియును? పోయి చూడవలెను. నీరు దొరకినచో మొదటి జ్ఞానము ప్రమాణమని, దొరకనిచో భ్రమయని నిశ్చయింతుము. ప్రవృత్తి సఫలమగుట జ్ఞానము సరియైనదనుటకు గుర్తు. అయితే నైయాయికుడు ఇంకొక అడుగు వేయడు. దాహము తీరుటయే సత్యము అనడు. ఉన్నది ఉన్నట్లు తెలియుట సత్యము. దాహము తీరుట దానికి సాక్ష్యము. సాక్ష్యము వేరు, విషయము వేరు. మీమాంసకులు దీనినంగీకరింపక, జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమని వాదించిరి. ఆ వివాదము మన దేశమున ఎన్నియో తరములు సాగెను. అమెరికాలో ఇరువదవ శతాబ్దారంభమున చెలరేగిన వివాదమును చదువునప్పుడు మనకు ఇంటి మాటలు విన్నట్లుండును.

డ్యూయీ ఈ విషయమున జేమ్స్ కంటె జాగరూకుడు. ‘సత్యము’ అను పెద్దమాటను ఆయన కొంత పక్కనబెట్టి, విచారణచే తేలి, నిలబెట్టి చెప్పుటకు తగిన ఆధారముగల మాట యని 1938 నాటి తన తర్కగ్రంథమున నిర్వచించెను. ‘పని జరిగినది’ అన్నంత మాత్రమున చాలదు. ఏ చిక్కు తీరుటకు ఆ ఊహ పుట్టినదో ఆ చిక్కు తీరినదా, అందరు చూచునట్లు తీరినదా, మరల పరీక్షింపగా నిలిచినదా యని అడుగవలెను.

ఈ భేదము పండితుల కలహము మాత్రమే కాదని గనిలో తెలియును. ఒకనాడు తొందరపాటున దిమ్మ నిలుపకుండ పని ముగించిరనుకొందము. ఏమియు కాలేదు. మరునాడును అట్లే. పదునాళ్లు గడచెను, టబ్బులు ఎక్కువ నిండెను. ‘ముప్పదియేండ్లుగా చూచుచున్నాను, ఈ కప్పు రాలదు’ అని అనుభవజ్ఞుడే పలుకును. పనికివచ్చినదే సత్యమైనచో పది షిఫ్టులవరకు ఆ మాట సత్యమే. పదునొకండవ షిఫ్టున అది మనుష్యుల ప్రాణము మీదికి వచ్చును. ఈ పది దినముల సాఫల్యము పరీక్ష కాదు, అదృష్టము. ఎందుకనగా నెవ్వరును కప్పును తట్టి వినలేదు. వాయువును గూర్చియు నంతే. వెనుకటి రోజులలో రక్షణదీపపు వత్తిని తగ్గించి, జ్వాలమీద లేతనీలపు టోపీవంటి వెలుగు కనబడుచున్నదా యని చూచి మీథేను వాయువును గుర్తించుచుండిరి. నేడు దానిని కొలుచు పరికరములు వచ్చినవి. కంటికి కనబడని ఆపదను కనబడు గుర్తుగా మార్చి చూచుటయే రెండింటిలోను పని. నిన్న ప్రమాదము జరుగలేదనుట ఆ చూపునకు మారు కాదు.

అనుభవమును గూర్చి డ్యూయీ 1938లో ‘ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్’ అను చిన్న పుస్తకము వ్రాసెను. తన పేరు చెప్పుకొని, పిల్లలను ఇష్టము వచ్చినట్లు వదలిపెట్టుటయే విద్యయని నడిచిన బడులను చూచి విసిగి వ్రాసినదది. ప్రతి అనుభవమును నేర్పదని, కొన్ని అనుభవములు మీదటి నేర్పునకు అడ్డుపడునని ఆయన అందు స్పష్టము చేసెను. ముప్పదియేండ్ల అనుభవము ఒక్కొకప్పుడు ఒకే యేడాది అనుభవము ముప్పదిసారులు తిరుగుటయై యుండును. చేసినదానికిని జరిగినదానికిని గల సంబంధమును కనిపెట్టినప్పుడే అనుభవము విద్య యగును. డ్యూయీని పొగడువారిలో సగముమంది ఈ పుస్తకమును చదివినట్లు తోచదు.

ఆచరణవాదము ఇంతవరకు వచ్చిన పిమ్మట ప్రజాస్వామ్యమును ముట్టక మానదు. ఫలితములే పరీక్ష యైనచో, ఫలితములు ఎవరిమీద పడునో వారి సాక్ష్యమును వినక పరీక్ష ముగియదు. చెప్పు కుట్టువాడు నిపుణుడే. ఎట్లు బాగుచేయవలెనో వానికే తెలియును. కాని ఎచట నొక్కుచున్నదో తొడిగినవానికే తెలియునని డ్యూయీ 1927లో ‘పబ్లిక్ అండ్ ఇట్స్ ప్రాబ్లమ్స్’ అను గ్రంథమున చూపెను. వాల్టర్ లిప్‌మన్ అను పత్రికారచయిత, నేటి లోకవ్యవహారములు సామాన్యునికి అందనంత జటిలమైనవి గనుక నిపుణులకే విడువవలెనని వాదించుచుండిన కాలమది. డ్యూయీ లిప్‌మన్ చూపిన రోగమును ఒప్పుకొనెను; మందును ఒప్పుకొనలేదు. ఇరువురి నడుమ జరిగిన వ్యవహారము మూడవవాని మీద పడునప్పుడే ‘ప్రజ’ అనునది పుట్టునని ఆయన చెప్పెను. గనిలో పేలుడు పనికి ఒప్పందము కంపెనీకిని గుత్తేదారునకును. అదరునది ప్రక్క ఊరి గోడ. ఆ గోడలవారు తమకందరికి ఒక్కటే కష్టమున్నదని గుర్తించి, కలిసి మాటలాడుకొని, ఆ మాట వినబడు చోటు సంపాదించుకొనువరకు వారు విడివిడి కుటుంబములే, ప్రజ కారు.

మన గనుల నియమములలో ఈ దృష్టికి కొంత చోటున్నది. 1952 నాటి గనుల చట్టము క్రింద ఏర్పడిన నియమములలో కార్మికుల పక్షమున గనిని పరీక్షించు వర్కుమెన్ ఇన్‌స్పెక్టర్లకును, భద్రతాసంఘములకును చోటు కల్పించిరి. క్రొత్తగా చేరినవానిని శిక్షణ లేక పనికి దింపరాదని 1966 నాటి వృత్తిశిక్షణ నియమములు విధించెను. ఇవి డ్యూయీని చదివి వ్రాసినవని మేమనము. ప్రమాదములే వీనిని వ్రాయించినవి. కాని భద్రతాసంఘములో కోల్‌ఫిల్లరు నోరు తెరచి ఫలానా చోట కప్పు డొల్లగా పలుకుచున్నదని చెప్పగలిగినప్పుడు, ఆ మాటను ఇంజనీరు తన లెక్కలప్రక్కన వ్రాసికొనినప్పుడు, డ్యూయీ చెప్పిన విచారణ జరుగుచున్నట్లే. సభ జరిగి, సంతకములు మాత్రమే తీసికొనినచో బల్లల వర్తకుడు చెప్పిన వినుబల్లల బడియే అచటను నడుచుచున్నట్లు.

అదే గ్రంథమున వినుటను గూర్చి డ్యూయీ వ్రాసిన మాట రేడియో ఇండ్లవారికి ప్రత్యేకముగా చెప్పదగినది. కన్ను దూరముననుండి చూచు ప్రేక్షకుడనియు, చెవి పాల్గొనునదనియు ఆయన భావము. అచ్చులో దిగిన మాట సగమే జీవించును. ముఖాముఖిగా నోటనుండి చెవికి సాగినప్పుడే అది పూర్తిగా బ్రదుకునని ఆయన తలచెను. రేడియో ఈ రెండింటికి నడుమది. మా గొంతు మీ ఇంటికి వచ్చును గాని మీ గొంతు మా గదికి రాదు. ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట ఇంటిలోనివారు దీనిని గూర్చి ఒకరితో నొకరు వాదులాడుకొనినచో మిగిలిన సగము అచట పూర్తియగును.

డ్యూయీ గదిలో కూర్చుండి వ్రాసినవాడు మాత్రమే కాడు. 1915లో అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను. 1919నుండి 1921వరకు చైనాలో ఉపన్యాసములిచ్చెను. 1937లో, డెబ్బది యేడేండ్ల వయస్సున, ట్రాట్స్కీమీద రష్యాలో మోపిన నేరములను విచారించు సంఘమునకు అధ్యక్షుడై మెక్సికో పోయి, ఇరుపక్షముల మిత్రులను దూరము చేసికొనియైనను సాక్ష్యము విని, ఆ నేరములు నిరాధారములని తేల్చెను.

ఆయన శిష్యులలో మన దేశమునకు మిక్కిలి సన్నిహితుడు డాక్టరు భీమరావు అంబేద్కరు. 1913నుండి 1916వరకు కొలంబియాలో చదివినప్పుడు ఆయన డ్యూయీ తరగతులలో కూర్చుండెను. ప్రజాస్వామ్యము ప్రభుత్వరూపము మాత్రమే కాదు, అది కలిసి బ్రదుకు విధానము, ఒకరి అనుభవము ఒకరికి అందుట యని డ్యూయీ తన 1916 నాటి ‘డెమాక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ గ్రంథమున చెప్పిన భావము అంబేద్కరు 1936లో ప్రకటించిన ‘కులనిర్మూలన’మున ప్రధానసూత్రమై నిలిచెను. ఆ పుస్తకముననే ఆయన డ్యూయీని తన గురువుగా పేర్కొని ఋణము చెప్పుకొనెను. శిష్యుడు గురువు మాటను అట్లే వల్లించినాడనుకొనరాదు. డ్యూయీకి సంఘములోని గోడలు తలుపులు తెరచినచో తొలగునవిగా తోచెను. అంబేద్కరునకు ఆ గోడల వెలుపల నిలిచిన బాల్యమున్నది. అందుచే మాట ఒకటే యైనను బరువు వేరు. బావిలోనికి ఒకే షిఫ్టున ఒకే దీపముతో దిగి, ఒకే కప్పు క్రింద పనిచేసి, పైకి వచ్చిన పిమ్మట ఊరిలో వేరువేరు వాడలకు పోవువారిని చూచిన ప్రాంతమున ఆ బరువు తెలియును.

1952 జూను 1వ తేదీన డ్యూయీ న్యూయార్కులో తన తొంబది రెండవ యేట మరణించెను. కొలంబియా విశ్వవిద్యాలయము అంబేద్కరునకు గౌరవ డాక్టరేటు నిచ్చుటకు ఏర్పాటు చేసిన దినము జూను 5. గురువును చూడవలెనని ఎదురుచూచుచు బయలుదేరిన శిష్యునకు ఆ దర్శనము దక్కలేదు; త్రోవలోనే వార్త తెలిసి, భార్యకు వ్రాసిన లేఖలో దుఃఖమును వెళ్లబోసికొనెను. గురువులేని ఆ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని తిరిగివచ్చెను. 1953 జనవరి 12న హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు రెండవ గౌరవ డాక్టరేటు నిచ్చెను.